బిడ్డకు వంకరపాదం (క్లబ్‌ఫుట్) ఉంటే ఏ వైద్యం చేయించాలి? కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టిన బిడ్డ పాదం లోపలికి తిరిగి ఉంది. క్లబ్‌ఫుటేనా, లేక కడుపులో ఇరుకుగా ఉండి అలా వాలిందా?

చేత్తో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఒక చేత్తో బిడ్డ మోకాలి కింద పట్టుకుని, రెండో చేత్తో పాదాన్ని మెల్లగా మామూలు స్థితికి తెచ్చి చూడండి. కడుపులో ఇరుకై వాలిన పాదం సులువుగా నేరుగా వస్తుంది, పైకి కూడా వంగుతుంది. అది కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది.

క్లబ్‌ఫుట్ అయితే పాదం బిగదీసుకుని ఉంటుంది. అందులో నాలుగు వంకరలు కలిసి ఉంటాయి: అరికాలు మధ్యలో గుంట ఎక్కువవుతుంది, వేళ్ల వైపు భాగం లోపలికి తిరుగుతుంది, మడమ లోపలికి ఒరుగుతుంది, మడమ పైకి లేచి వేళ్లు కిందికి దిగుతాయి. మడమను వేలితో నొక్కితే ఎముక తగలదు, మెత్తగా ఉంటుంది. మడమ వెనక, అరికాలి లోపలి అంచున లోతైన మడతలు కనబడతాయి. డాక్టరు చీటీలో 'సీటీఈవీ' అని రాస్తే అది ఇదే. ఏ అనుమానమున్నా పిల్లల డాక్టరుకు గానీ ఎముకల డాక్టరుకు గానీ ఒకసారి చూపించండి. అదే రోజు బిడ్డ తుంటి కీళ్లు, వెన్నెముక కూడా చూడమని అడగండి. వెన్ను మీద గుంట, వెంట్రుకల కుచ్చు, వాపు లాంటివి ఉంటే పాదం వంకరకు మూలం వెన్నులో ఉండొచ్చు. అప్పుడు వైద్యం దారి వేరు.

గ్రహణం రోజు బయటికి వచ్చినందుకే ఇలా పుట్టిందని అత్తగారు అంటున్నారు.

కాదు. గ్రహణానికీ పాదానికీ సంబంధం లేదు. తల్లి ఏదో తిన్నందుకో, కూర్చున్న తీరుకో, బరువు ఎత్తినందుకో ఇది రాదు. సుమారు వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండు బిడ్డలకు వస్తుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో దాదాపు రెట్టింపు. సగం మందికి రెండు పాదాలకూ ఉంటుంది. ఎక్కువ మందిలో కారణం ఇదీ అని వేలెత్తి చూపలేం, కొంత వంశపారంపర్యం ఉంది. బాలింత మీద నింద వేస్తే ఆమె బిడ్డను దాచుకుంటుంది, వైద్యం ఆలస్యమవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట గట్టిగానే చెప్పండి.

ఐదో నెల స్కాన్‌లోనే చెప్పారు. ఇప్పుడేం చేయాలి?

కడుపులో ఉండగా చేసే వైద్యం ఏదీ లేదు. స్కాన్‌లో వంకరగా కనబడిన పాదం పుట్టాక మామూలుగా ఉండడమూ జరుగుతుంది. మిగతా అవయవాలు, వెన్నెముక బాగున్నాయా అని వివరంగా చూడమనండి. పాదం ఒక్కటే సమస్య అయితే దాని కోసం కడుపు తీయించుకోవాల్సిన పని లేదు. కాన్పు అయ్యేలోపు, పాదాన్ని సరిచేసే పిండికట్లు ఎక్కడ వేస్తారో కనుక్కుని పెట్టుకోండి, అంతే.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

మొదటి ఒకటి రెండు వారాల్లో మొదలుపెడితే మంచిది. అయితే అర్ధరాత్రి పరుగెత్తాల్సిన అత్యవసరం కాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, కామెర్లతో ఉన్న బిడ్డ కోలుకునే దాకా ఆగొచ్చు. 'మూడు నెలలు నిండనీ', 'నడక వచ్చాక చూద్దాం' అంటే మాత్రం వినకండి. పసిబిడ్డ ఎముకల్లో చాలా భాగం ఇంకా మెత్తని మృదులాస్థే, కీళ్ల దగ్గర ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లూ సాగుతాయి. రోజులు గడిచేకొద్దీ ఆ సౌలభ్యం తగ్గిపోతుంది.

సరైన వైద్యం ఏది?

పొన్సెటీ పద్ధతి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ ఇగ్నాసియో పొన్సెటీ దీన్ని రూపొందించారు. ఆయన పుట్టినరోజు జూన్ 3నే ప్రపంచ క్లబ్‌ఫుట్ దినంగా జరుపుతారు. ఇందులో మూడు మెట్లు ఉంటాయి. వారం వారం మార్చే పిండికట్లు, చాలామందికి మడమ వెనక ఒక చిన్న కోత, ఆ తర్వాత నాలుగైదేళ్ల దాకా బూట్లు. పాదం ఆకారం మొదటి రెండు మెట్లలోనే, సుమారు రెండు నెలల్లో మారిపోతుంది. మారిన పాదాన్ని నిలబెట్టేది మూడో మెట్టు. మన దగ్గర వైద్యం చెడేది ఎక్కువగా అక్కడే, అందుకే ఈ పేజీలో బూట్ల గురించే ఎక్కువ చెప్పాం.

కట్టు సరిగ్గా వేస్తున్నారో లేదో మాకెలా తెలుస్తుంది?

మీరు చూసి పట్టుకోగలిగేవి కొన్ని ఉన్నాయి. కట్టు కాలివేళ్ల నుంచి తొడ పైదాకా ఉండాలి, మోకాలు సుమారు 90 డిగ్రీలు వంచి ఉండాలి. మోకాలి కిందితో ఆపేసిన కట్టు బిడ్డ కాళ్లు తన్నుకుంటే జారిపోతుంది, పాదాన్ని బయటి వైపు తిప్పి నిలిపే బలమూ దానికి ఉండదు. అలా వేస్తే ఎందుకని అడగండి, అడగడంలో తప్పు లేదు. కట్టు 5 నుంచి 7 రోజులకు ఒకసారి మార్చాలి. నెలకొకసారి రమ్మంటే అది పొన్సెటీ పద్ధతి కాదు. ప్రతిసారీ డాక్టరు పాదాన్ని చేత్తో నెమ్మదిగా సాగదీసి, తన బొటనవేలిని బిడ్డ చీలమండ ముందు, బయటి వైపు తగిలే ఎముక మీద ఆనించి, వేళ్ల వైపు భాగాన్ని బయటికి తిప్పుతారు. మడమను పట్టుకుని మెలితిప్పరు. బిడ్డ కెవ్వుమనేంత బలం వాడరు. పిరాని స్కోరు అని 0 నుంచి 6 దాకా అంకె వేస్తారు, వారం వారం అది తగ్గాలి. మీ పుస్తకంలో రాయమని అడగండి.

రెండు సందర్భాల్లో తల్లిదండ్రులు అనవసరంగా బెదిరిపోతారు. మొదటి కట్టు తర్వాత పాదం మునుపటి కంటే ఎక్కువ మెలిపడినట్టు కనబడుతుంది. అరికాలి గుంటను ముందు సరిచేయడానికి బొటనవేలి వైపును పైకి ఎత్తి కడతారు, అందుకే అలా ఉంటుంది. ఇక చివరి కట్టులో పాదం 60, 70 డిగ్రీలు బయటికి తిరిగి ఉంటుంది. 'ఇంత బయటికి తిప్పేశారేంటి' అనిపిస్తుంది. అది కావాలనే చేస్తారు, తర్వాత లోపలికి కొంత వస్తుంది కాబట్టి.

మామూలుగా 5 నుంచి 7 కట్లు సరిపోతాయి. పది దాటినా మార్పు లేకపోతే మరో అనుభవజ్ఞుడికి చూపించాలి. పాదం పొట్టిగా, ఉబ్బుగా ఉండి, అరికాలి అడ్డంగా ఒకే లోతైన మడత, పొట్టి బొటనవేలు పైకి లేచి ఉంటే అది క్లిష్టమైన రకం. దానికి కట్టే తీరే వేరు. మామూలు పద్ధతిలోనే బలంగా తిప్పుకుంటూ పోతే ఇంకా చెడుతుంది.

కట్టు వేసే రోజు ఏం చేయాలి?

బిడ్డను ఆకలితో తీసుకెళ్లి, కట్టు వేసే సమయానికి పాలివ్వండి. తాగుతున్న బిడ్డ కాలు వదులుగా ఉంచుతుంది, కట్టు కుదురుగా పడుతుంది. పాత కట్టును ముందురోజు రాత్రే ఇంట్లో నానబెట్టి తీసేయడం చాలామంది చేసే పని. అలా చేయకండి. కట్టు లేని కొన్ని గంటల్లోనే పాదం కొంత వెనక్కి పోతుంది. ఆసుపత్రిలోనే తీయించి, కాలు కడిగి, వెంటనే కొత్తది వేయించుకోవాలి. దూరం నుంచి వచ్చేవాళ్లు దారిలో కట్టు చుట్టూ తడిబట్ట చుట్టి తెస్తే అక్కడ త్వరగా విప్పుతారు.

ఇంటికొచ్చాక ఏమేం చూసుకోవాలి?

మొదటి రోజు కట్టు పూర్తిగా ఆరేదాకా కాలి కింద మెత్తటి దిండు పెట్టండి. గట్టి మంచం పట్టె మీద ఆనితే మెత్తగా ఉన్న పిండి నొక్కుకుపోయి లోపల చర్మం ఒరుసుకుంటుంది.

ఆ రోజంతా గంటకోసారి, తర్వాత రోజుకు నాలుగైదుసార్లు వేళ్లు చూడండి. వేలిని నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే గులాబీ రంగు రావాలి. వేళ్లు నీలంగా, తెల్లగా, చల్లగా మారినా, వాచినా, బిడ్డ ఏం చేసినా ఏడుపు ఆపకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రయి దారి లేకపోతే కట్టును తడిపి విప్పేయండి. వారం కట్టు పోతే మళ్లీ వేసుకోవచ్చు.

నిన్న కనబడిన వేళ్లు ఇవాళ కట్టు లోపలికి పోయాయంటే కట్టు జారిందన్నమాట. మడమ దాని స్థానం తప్పి లోపల పుండు పడుతుంది, పాదం ఆకారమూ పాడవుతుంది. వారం పూర్తయ్యేదాకా ఆగకుండా ఆ రోజే తీయించండి. కట్టు వేయగానే వేళ్ల ఫొటో ఒకటి ఫోన్లో తీసి పెట్టుకుంటే పోల్చి చూడటం సులువు.

స్నానం వద్దు, తడిబట్టతో ఒళ్లు తుడవండి. లంగోటా అంచు కట్టు లోపలికి పోకూడదు, బయటే ఉండాలి. ఉచ్చ లోపలికి దిగితే దూది తడిసి చర్మం మెత్తబడి ఊడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు చెమటతో దురద పెడుతుంది. గాలి తగిలేచోట పడుకోబెట్టండి, పుల్లలు లోపలికి దూర్చకండి, పౌడరు పోయకండి. కుళ్లు వాసన వస్తే, జ్వరం వస్తే చూపించాలి.

ఆరో వారం టీకా ఉంది. తొడంతా కట్టే కదా?

టీకా మానకండి. 6, 10, 14 వారాల్లో వేసే సూదుల్లో కొన్ని తొడకే వేస్తారు. కట్టు మార్చే రోజునే టీకా పెట్టుకుంటే పాత కట్టు తీశాక, కొత్తది వేయకముందు సూది వేయించుకోవచ్చు. ఏఎన్ఎంకు, కట్టు వేసే డాక్టరుకు ఇద్దరికీ ముందే చెప్పి రోజు కలుపుకోండి. ఒక కాలికే కట్టు ఉంటే రెండో తొడ ఖాళీగానే ఉంటుంది, ఏ సూది ఎక్కడ వేయాలో వాళ్లు చూసుకుంటారు.

మడమ వెనక నరం కోస్తామంటున్నారు. కాలు చచ్చుబడిపోదా?

పడదు. కోసేది నరాన్ని కాదు, పిక్క కండను మడమకు కలిపే అకిలిస్ టెండన్‌ను. నాలుగు వంకరల్లో మడమ పైకి లేచి ఉండటం ఒక్కటే కట్లకు లొంగదు. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఈ కోత అవసరమవుతుంది. పసిపిల్లలకు ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి, కొన్ని మిల్లీమీటర్ల గాటుతో నిమిషాల్లో చేస్తారు, కుట్లు అక్కర్లేదు. ఆ తర్వాత 3 వారాలు కదలని చివరి కట్టు ఉంటుంది. ఆలోగా తెగిన టెండన్ పొడవు పెరిగి అతుక్కుంటుంది. కట్టు మీద మడమ దగ్గర రూపాయి బిళ్లంత నెత్తుటి మరక మామూలే. అది పెద్దదవుతూ పోతే ఫోన్ చేయండి.

దీనికి ఒప్పుకోకుండా బిడ్డను ఇంటికి తీసుకుపోతే అంతకుముందు వేసిన కట్లన్నీ వృథా అవుతాయి.

ఒక ముఖ్యమైన మాట: ఈ 3 వారాల్లోనే బూట్లు తెప్పించుకోవాలి. చివరి కట్టు తీసిన రోజే బూట్లు తొడగాలి. 'బూట్లు వచ్చే నెల వస్తాయి' అని వట్టికాళ్లతో ఇంటికి పంపితే పాదం వంకర మళ్లీ మొదలవుతుంది.

బూట్లు ఎన్నాళ్లు వేయాలి? ఎట్లా వేయాలి?

మొదటి 3 నెలలు రోజుకు 23 గంటలు. మిగిలిన ఒక గంట స్నానానికి, కాళ్లు ఆడించడానికి. ఆ తర్వాత రాత్రి నిద్రకూ పగటి కునుకుకూ కలిపి 12 నుంచి 14 గంటలు, 4 నుంచి 5 ఏళ్ల వయసు వచ్చేదాకా. పగలు మామూలు చెప్పులు వేసుకోవచ్చు, ఆడుకోవచ్చు.

రెండు బూట్లు ఒక కడ్డీకి బిగించి ఉంటాయి. ఒక పాదానికే వంకర ఉన్నా రెండు కాళ్లకూ వేయాల్సిందే, కడ్డీ మీద పట్టు దొరికేది రెండో కాలి వల్లే. వంకర ఉన్న పాదం 60 నుంచి 70 డిగ్రీలు బయటికి, మామూలు పాదం 30 నుంచి 40 డిగ్రీలు బయటికి తిప్పి బిగిస్తారు. కడ్డీ పొడవు బిడ్డ భుజాల వెడల్పంత ఉండాలి. పొట్టి కడ్డీతో పిల్లలు చిరాకు పడతారు, బూటు తన్నేస్తారు. ఇంటికి తెచ్చేముందే కొలిచి చూడండి.

తొడిగే క్రమం ఇది. ముందు కుట్లు లేని పల్చటి నూలు సాక్సు, ముడతలు లేకుండా. ఎక్కువ వంకరున్న పాదంతో మొదలుపెట్టాలి. మోకాలు వంచి, పాదాన్ని వెనక్కి తోసి, మడమ బూటు అడుగుకు ఆనాక ముందు చీలమండ మీది పట్టీ బిగించాలి, ఆ తర్వాతే లేసులు. మడమ వైపు కన్నం ఉన్న బూటైతే అందులోంచి మడమ కనబడాలి. కన్నం లేకపోతే మడమ సరిగ్గా కూర్చున్నప్పుడు కాలివేలి చివర ఎక్కడికి వస్తుందో బూటు లోపలి అడుగు మీద పెన్నుతో గీత గీయండి. రేపు వేలు ఆ గీతకు వెనకే ఆగిపోతే మడమ పైకి లేచిందని తెలుస్తుంది.

మొదటి రోజుల్లో రెండు మూడు గంటలకోసారి విప్పి చర్మం చూడండి. లేత ఎరుపు కొద్దిసేపట్లో పోతే భయం లేదు. ముదురు ఎరుపు, బొబ్బ మడమ మీద వస్తే చాలామంది పట్టీ వదులు చేస్తారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. వదులైన బూటులో మడమ పైకీ కిందికీ ఒరుసుకుంటే బొబ్బ వస్తుంది, కాబట్టి పట్టీ ఇంకో కన్నం బిగించాలి. క్రీములు, కొబ్బరినూనె రాయకండి, చర్మం మెత్తబడి పుండు పెరుగుతుంది.

వేళ్లు బూటు అంచు దాటి కిందికి వంగుతున్నాయంటే సైజు మార్చాలి. చిన్న వయసులో కొన్ని నెలలకోసారి ఇది వస్తుంది.

రాత్రంతా ఏడుస్తున్నాడు. కొన్నాళ్లు ఆపితే?

ఆపకండి. మొదటి రెండు మూడు రాత్రులు ఏడుపు ఉంటుంది. అది ఎక్కువగా నొప్పి వల్ల కాదు, కాళ్లు విడివిడిగా ఆడించలేకపోతున్నందుకు. కడ్డీ పట్టుకుని రెండు మోకాళ్లూ కలిపి వంచుతూ చాపుతూ ఆడించండి, రెండు కాళ్లూ కలిపి తన్నడం త్వరలో నేర్చుకుంటాడు. కడ్డీకి మెత్తటి గుడ్డ చుట్టండి. ఏడ్చినప్పుడల్లా విప్పితే, ఏడిస్తే విప్పుతారని బిడ్డకు తెలిసిపోతుంది. పాలు తాగి పడుకునే ముందు బూట్లు వేయడం రోజూ ఒకే వేళకు జరగాలి. జేజి దగ్గర పడుకున్నా సరే, ఊరెళ్లినా సరే.

సుగ్గికి పోతాం. నాలుగు నెలలు ఊళ్లో ఉండం.

కోసిగి, ఆలూరు, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు పోయే కుటుంబాలకు ఇది నిజమైన ఇబ్బంది. కట్లు వేయించే రెండు నెలలు మాత్రం తల్లో తండ్రో ఒకరు ఊళ్లో ఆగడం తప్పదు. బూట్ల దశకు వచ్చాక వెంట తీసుకుపోవచ్చు. వెళ్లేముందు డాక్టరుకు చెప్పి, ఇప్పటి సైజుతో పాటు తర్వాతి సైజు బూట్లూ అడగండి. పట్టీ తెగితే చెప్పులు కుట్టేవాళ్లు కుట్టగలరు, కడ్డీ కోణం మాత్రం ఎవరినీ ముట్టనివ్వకండి. కేసు పుస్తకం వెంట ఉంచుకుంటే బెంగళూరులోనైనా గుంటూరులోనైనా ప్రభుత్వ బోధనాసుపత్రిలో చూపించవచ్చు.

పాదం చక్కగా ఉంది, నడుస్తోంది కూడా. ఇంకా రాత్రి బూట్లెందుకు?

పాదాన్ని వంకర చేసిన లాగుడు కండల్లో ఇంకా ఉంది, పెరిగే వయసులో అది మళ్లీ లాగుతుంది. వంకర తిరగబెట్టిన పిల్లల్లో ఎక్కువ మంది బూట్లు ముందే ఆపేసినవాళ్లే. ఇంట్లో ఇలా చూసుకోండి: బిడ్డ గొంతుకూర్చున్నప్పుడు మడమలు నేలకు ఆనుతున్నాయా? నడిచేటప్పుడు పాదం బయటి అంచు మీద పడుతోందా? బూటులోంచి మడమ పదేపదే జారుతోందా? అనుమానం వస్తే ఆ వారమే చూపించండి. తొలిదశలో రెండు మూడు కట్లతో మళ్లీ దారికి వస్తుంది. మూడేళ్లకు దగ్గరపడినా నడకలో పాదం లోపలికి తిరుగుతుంటే, ముందరి కండ టెండన్‌ను పాదం మధ్యలోకి మార్చే ఆపరేషన్ చేస్తారు.

ఒకేసారి పెద్ద ఆపరేషన్ చేసి సరిచేస్తామన్నారు. అదే నయం కదా?

పసిబిడ్డకు మొదటి వైద్యంగా అది వద్దు. కీళ్లన్నీ విప్పి చేసే ఆపరేషన్ తర్వాత పాదం ఆ రోజుకు చక్కగా కనబడినా, లోపల మచ్చ కట్టి, పెద్దయ్యేకొద్దీ బిగుసుకుని నొప్పి పెడుతుంది. కట్లు సరైన పద్ధతిలో వేసినా లొంగని పాదాలకే దాని అవసరం. ఎవరైనా అదే మొదటి మాటగా చెబితే రెండో డాక్టరు దగ్గరికి వెళ్లి అడగండి.

మా వాడికి ఆరేళ్లు. వయసు దాటిపోయిందా?

దాటిపోలేదు. కట్ల సంఖ్య పెరుగుతుంది, ఒక్కో కట్టు రెండు వారాలు ఉంచొచ్చు, చివర్లో చిన్నదో పెద్దదో ఆపరేషన్ అవసరం కావచ్చు. ముందు కట్లతో ఎంత వస్తే అంత తెచ్చుకుంటే ఆపరేషన్ చిన్నదవుతుంది.

నూనె మర్దన, నాటు కట్టు పనికొస్తాయా?

నూనె ఒంటికి రాసుకోండి, పాదం వంకర దానితో పోదు. పుత్తూరు కట్టు లాంటివి ఎముక విరిగినవాళ్లు వెళ్లేవి. ఇక్కడ ఎముక విరగలేదు, ఎముకలు ఒకదాని పక్కన ఒకటి తప్పు స్థానంలో కూర్చున్నాయి. వాటిని ఏ క్రమంలో కదపాలో తెలియకుండా బలంగా లాగి కడితే పాదం మధ్యలో విరిగినట్టు వంగి, అరికాలు ఉబ్బి నేలకు ఆనుతుంది. దాన్ని సరిచేయడం అసలు వంకర కంటే కష్టం.

ఎక్కడికి వెళ్లాలి? ఖర్చెంత?

కర్నూలు సర్వజన ఆసుపత్రి, అనంతపురం సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్‌లో ఎముకల విభాగాలున్నాయి. ఓపీ చీటీ తీసుకునేటప్పుడే 'క్లబ్‌ఫుట్ కట్లు ఏ రోజు వేస్తారు' అని అడగండి, వారంలో ఆ రోజే వెళ్తే తిరుగుడు తగ్గుతుంది. అనంతపురం వైపు వాళ్లకు బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి, క్లిష్టమైన పాదాలకు తిరుపతిలో టీటీడీ బర్డ్ ఆసుపత్రి ఉన్నాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో క్లబ్‌ఫుట్ ఉంది. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు పాదం చూపించి, జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పేరు రాయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కట్లకు డబ్బు కట్టక్కర్లేదు. క్యూర్ ఇండియా లాంటి సంస్థలు కొన్ని ప్రభుత్వ ఆసుపత్రులతో కలిసి బూట్లు ఉచితంగా ఇస్తున్నాయి. మీ ఆసుపత్రిలో ఇస్తారేమో మొదటి కట్టు రోజే కనుక్కోండి, చివరిదాకా ఆగొద్దు. ఆపరేషన్ అవసరమైతే ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందా అని ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి. ఆధార్, బియ్యం కార్డు, తల్లీబిడ్డల కార్డు వెంట ఉంచుకోండి. తల్లి ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టకుండా రావచ్చు, వారం వారం తిరిగేవాళ్లకు అది పెద్ద ఊరట.

పెద్దయ్యాక పరుగెత్తగలడా? పాదంలో తేడా కనబడుతుందా?

సరిగ్గా వైద్యం అందిన పిల్లలు పరుగెడతారు, కబడ్డీ ఆడతారు, పొలం పనులు చేస్తారు. నడక కొన్ని వారాలు ఆలస్యం కావచ్చు. ఒక పాదానికే ఉంటే ఆ పాదం కొంచెం చిన్నగా, పిక్క కొంచెం సన్నగా ఉండిపోతుంది. కొందరికి చెప్పుల సైజులో తేడా వస్తుంది. బూట్లు ఎన్నేళ్లు వేసినా అది మారదు, దాని కోసం ప్రత్యేకంగా మందులు వాడాల్సిన పనీ లేదు.

తర్వాతి బిడ్డకూ వస్తుందా?

ఒక బిడ్డకు ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు నాలుగు. తల్లికో తండ్రికో కూడా ఉండి ఉంటే అంతకంటే బాగా ఎక్కువ. మళ్లీ గర్భం వచ్చినప్పుడు ఐదో నెల స్కాన్ చేసే డాక్టరుకు ఈ సంగతి ముందే చెప్పండి, పాదాలు ప్రత్యేకంగా చూస్తారు.